దొంగ నాణేల ట్రే

పాత నాణేలు పోగుచేసేవాళ్ళు పెట్టుకున్న నాణేల సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. అందరికంటే ఎక్కువ హడావుడి పడుతున్నది అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఎవరు ఎదురైనా "ఆదివారం సభ, తప్పకుండా రావాలి" అంటున్నాడు. ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి కాదనే వీలు కూడా లేదు పాపం.

హడావుడి లేకుండా పని చేసుకుపోతున్నది గడియారాలాయన ఒక్కడే. గడియారాల రిపేరు దుకాణం మూసేసి ఐదేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని, తెలిసినవాళ్ళవి నాలుగు గడియారాలు ఇంకా బాగుచేస్తుంటాడు. సంఘంలో మాత్రం ఆయన పని వేరు. ఏ నాణెం అసలుదో ఏది నకిలీదో తేల్చేది ఆయనే. కుడి కంటికి భూతద్దం బిగించి, నాణేన్ని అంచు పట్టుకుని ఇటూ అటూ తిప్పి, "ఊఁ" అంటే అసలుది, "ఊహూఁ" అంటే నకిలీది. ఆ పైన ఇక మాట లేదు.

మొదటినుంచీ సంఘంలో ఒక ఆచారం ఉంది. నకిలీదని తేలిన నాణేన్ని అలా వదిలెయ్యరు. మళ్ళీ ఎవరూ ఎవరికీ అంటగట్టకుండా దాని అంచు మీద ఆకురాయితో సన్నటి గాటు పెడతారు. గాటు పెట్టేదీ గడియారాలాయనే. ఒకసారి గాటు పడ్డాక అది ఏ నాణెమైనా సరే, దాని బతుకు ముగిసినట్టే.

గురువారం మధ్యాహ్నం ఆయన సంఘం గదిలో ఒక్కడే కూర్చుని ప్రదర్శనకి ట్రేలు సర్దుతున్నాడు. పక్క ఊరి మ్యూజియం వాళ్ళు యాభై ఏళ్ళ సందర్భానికి కానుకగా పంపిన పుస్తకం బల్ల మీద ఉంది. కొత్తగా అచ్చయిన కేటలాగు. ట్రేల మీద దుమ్ము తుడుస్తూ, మధ్యమధ్య ఆగి రెండు పేజీలు తిరగేస్తున్నాడు. అలా తిరగేస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

రాగి నాణెం. ఒక పక్క గుర్రం, రెండో పక్క సంవత్సరం. సంవత్సరంలో మూడంకె అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

బొమ్మ కింద రాసింది రెండుసార్లు చదివాడు. ఎక్కడో పాత ఇంటి పునాది తవ్వుతుంటే కుండెడు నాణేలు దొరికాయట. వాటిలో పదకొండు ఇలా మూడంకె తిరగబడినవే. పదకొండూ అసలువే. అచ్చు మీద అన్నీ తిరగేసి చెక్కితేనే నాణెం మీద తిన్నగా పడతాయి. చెక్కినవాడెవడో మూడంకె దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయి, మామూలుగా రాసినట్టే చెక్కేశాడు. అంతే. 'పనివాడి పొరపాటు' అని రాసి ఊరుకున్నారు.

గడియారాలాయన లేచి వెళ్ళి గోడవారనున్న బీరువాలో అట్టడుగు ట్రే లాగాడు. అది దొంగ నాణేల ట్రే. ప్రతి ఏటా ప్రదర్శనలో దీని దగ్గరే జనం ఎక్కువ గుమికూడతారు. మూడో వరసలో, ఎప్పటిలాగే, గుర్రం బొమ్మ రాగి నాణెం ఉంది. దాని కింద తన గుండ్రటి చేతిరాతలో చీటీ: 'నకిలీ. అంకె తిరగబడినది. టైలరు తెచ్చినది.'

పట్టకారుతో నాణేన్ని తీసి కేటలాగు బొమ్మ పక్కన పెట్టాడు. కంటికి అద్దం బిగించాడు. గుర్రం ముందుకాలు దగ్గర చిన్న బుడిపె, అక్కడా ఇక్కడా ఒకటే. అంకెల మధ్య ఎడం ఒకటే. రెంటికీ తేడా ఒకటే ఒకటి. బొమ్మలోని నాణెం అంచు గుండ్రంగా ఉంది. దీని అంచుకి గాటు ఉంది.

ఆ గాటు పెట్టిన రోజు మరిచిపోదామన్నా మరుపుకి వచ్చేది కాదు. ఇదే గది, సంఘం పాతికేళ్ళ పండగ. అప్పటికి టైలరు చేరి ఏడాది. తన నాణేల కోసం తనే ఒక గుడ్డ సంచీ కుట్టుకున్నాడు, చాపలా చుట్టేది, ఒక్కో నాణేనికి ఒక్కో చిన్న జేబు. అందులోంచి గుర్రం నాణెం తీసి సిగ్గుపడుతూ బల్ల మీద పెట్టాడు. గడియారాలాయన చూసి "ఊహూఁ" అన్నాడు. టంకశాలలో అంకె తిరగబడదన్నాడు.

"చెక్కేవాడూ మనిషే కదా సార్," అన్నాడు టైలరు. "మేమూ గుడ్డని ఉల్టా వైపు గీసుకుని కోస్తాం. ఎంత తెలిసినా ఒక్కోసారి జేబు తిరగేసి కుట్టేస్తాం."

"ఓరినీ, ఆ చొక్కా ఎవరికిచ్చావయ్యా? ఆ జేబులో పెట్టిన డబ్బులన్నీ కింద పడుంటాయి!" అన్నాడు పళ్ళ డాక్టరు. అప్పుడాయన కుర్రాడు, నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో తన నవ్వూ ఉంది. నవ్వుతూనే ఆకురాయి తీశాడు. కిర్రుమని ఒక్కసారి గీశాడు. టైలరు ఆ చప్పుడుకి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తన గుడ్డ సంచీ చుట్టుకుని, తాడు ముడేసుకుని, "అది మీ దగ్గరే ఉంచండి సార్" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. ఒక్కరైనా వెళ్ళి ఎందుకు రావడం లేదని అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి పళ్ళ డాక్టరు సభ కోసం అచ్చేయించిన సావనీరు పుస్తకాల కట్ట మోసుకుని వచ్చాడు.

"చూడండి, మీ పేజీ ఎంత బాగా వచ్చిందో!"

పేజీ నిండా గడియారాలాయన ఫోటో. కంటికి అద్దంతో. పైన పెద్ద అక్షరాల్లో 'తప్పెరుగని కన్ను'. ఆదివారం సభలో ఆయనకి జ్ఞాపిక ఇచ్చేది కూడా ఆ పేరుతోనే.

గడియారాలాయన కేటలాగు ముందుకి తోశాడు. డాక్టరు బొమ్మ చూశాడు, నాణెం చూశాడు, చీటీ చదివాడు. ఆయనకీ ఆ పాతికేళ్ళ పండగ గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకెవరైనా చూశారా?"

"లేదు."

"అయితే ఆ చీటీ తీసెయ్యండి. నాణెం కూడా తీసి దాచెయ్యండి. సభ కానివ్వండి, తర్వాత తీరిగ్గా ఆలోచిద్దాం. ఇప్పుడీ సావనీర్లన్నీ ఏం చేసుకోను చెప్పండి?"

"ఆ టైలరు..."

"ఉన్నాడో లేడో కూడా తెలీదు కదండీ. పాతికేళ్ళ మాట!"

ఉన్నాడని గడియారాలాయనకి తెలుసు. మూడు వీధుల అవతలే ఉన్నాడు. ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే, ఎందుకో ఏమిటో, ఈ పాతికేళ్ళూ చుట్టు తిరిగే పోయాడు. నాణేన్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. డాక్టరు తన మాట విన్నాడనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే టైలరు దుకాణానికి వెళ్ళాడు. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు. దుకాణంలో ముందు భాగంలో టైలరు కోడలు బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. టైలరు వెనకవైపు పాత మిషను దగ్గర కూర్చుని ప్యాంటు అంచు మడత పెడుతున్నాడు. జుట్టంతా నెరిసింది. మెడలో టేపు మాత్రం అలాగే ఉంది.

"మావయ్యా, ఎవరో పెద్దాయన వచ్చారు," అంది కోడలు.

టైలరు కళ్ళజోడు పైకి తోసి చూశాడు. గబగబా లేచాడు. లేచిన ఊపుకి ఒళ్ళోని ప్యాంటు కింద పడింది.

"గడియారాల సార్! మీరా! రండి రండి. అమ్మాయ్, ఆ స్టూలు ఇటియ్యి. తుడిచి ఇవ్వు. ఎంత పెద్దాయనో తెలుసా ఈయన? ఈయన కంటి ముందు అబద్ధం నిలవదు."

గడియారాలాయనకి తల తీసేసినట్టయింది. తిడతాడనుకుని వచ్చాడు. మొహం తిప్పుకున్నా భరించేవాడు. దీనికి సిద్ధపడి రాలేదు.

"బావున్నారా?" అన్నాడు. అప్పట్లో 'నువ్వు' అనేవాడు.

"ఏదో ఇలా. కటింగంతా కోడలే. నాకు అంచులూ గుండీలే మిగిలాయి."

టైలరు తల వెనక గోడకి మేకు మీద గుడ్డ సంచీ వేలాడుతోంది. అదే. చిన్నచిన్న జేబులు. జేబుల్లో దారపు బాబిన్లు ఉన్నాయి, రంగు ప్రకారం. గడియారాలాయన దానివైపు చూడటం టైలరు గమనించాడు.

"గుర్తుపట్టారే! నాణేలు లేవు సార్ ఇప్పుడు. ఆ రోజు ఇంటికొచ్చి ఒక్కొక్కటీ తీసి చూశాను. ఎంత నమ్మకంగా కొన్నానో ఆ గుర్రం బొమ్మది. అదే దొంగదైతే నా కన్ను ఏపాటిది చెప్పండి? మిగతావి మాత్రం మంచివని నమ్మకమేంటి? అన్నీ అలాంటివే అయ్యుంటాయి అనుకున్నాను. మళ్ళీ మీకు చూపించి నవ్వించడం దేనికని..." తనే నవ్వాడు. ఆ నవ్వులో వెతికినా నిష్టూరం లేదు. "ఊరికే పోలేదులెండి. కర్టెన్లు కుట్టేటప్పుడు తిన్నగా వేలాడాలని అడుగు మడతలో మూలకొక బరువు వేస్తాం. రెండేళ్ళపాటు అవే వేశాను. ముప్పై ఎనిమిదీ అలా అయిపోయాయి. ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో ఇప్పుడు."

గడియారాలాయన జేబులో చెయ్యి పెట్టి కాగితం పొట్లం పట్టుకున్నాడు. ఒక్క నాణెం సంగతి చెప్పడానికి వచ్చాడు. ఇప్పుడది ఒక్క నాణెం సంగతి కాదు. ముప్పై తొమ్మిది నాణేల సంగతి. కాదు, అంతకంటే ఎక్కువే. ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు.

"ఆదివారం సభ ఉంది. మీరు రావాలి."

"నేనెందుకు సార్ అక్కడ?"

"రావాలి," అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాడు. వీధి మలుపు తిరిగాక గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎంత పిరికివాణ్ణి అనుకున్నాడు.

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. ట్రేలన్నీ గాజు కింద వరసగా ఉన్నాయి. దొంగ నాణేల ట్రేలో మూడో వరసలో ఒక గుంట ఖాళీగా ఉంది. పళ్ళ డాక్టరు దాన్ని చూసి సంతోషించాడు. టైలరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, వెనక వరసలో చివరి కుర్చీ మీద, కుర్చీ అంచునే కూర్చున్నాడు. గడియారాలాయన భార్య ముందు వరసలో ఉంది.

డాక్టరు ఉపన్యాసం అయింది. "తప్పెరుగని కన్ను" అని డాక్టరు జ్ఞాపిక చేతికి తీసుకోగానే గడియారాలాయన లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. జ్ఞాపిక అందుకోలేదు. కాగితం పొట్లం విప్పాడు. పెద్ద మాటలు కూడబలుక్కోలేదు ఈసారి.

"పాతికేళ్ళ కిందట ఈ నాణెం దొంగదన్నాను. ఇది అసలుది. అంకె ఎలా తిరగబడిందో తెచ్చిన టైలరు, అదిగో వెనక కూర్చున్నాయన, ఆ రోజే చెప్పాడు. పని తెలిసినవాడు కాబట్టి చెప్పాడు. నేనూ చేతిపని చేసేవాణ్ణే, నాకు తట్టాల్సింది. తట్టలేదు. విని నవ్వాను. నవ్వి దీన్ని పాడుచేశాను. ఈయన పేరు చెడ్డగా రాసిన చీటీ పాతికేళ్ళు మీ అందరికీ చూపించాను. ఈయన్ని క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను."

పళ్ళ డాక్టరు గట్టి పిండం. మైకు లాక్కున్నాడు. "చూశారా! ఈ వయసులో, ఇంతమందిలో, తన తప్పు తనే ఒప్పుకున్న ఈ పెద్ద మనసుకి..." అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. జనం లేచి నిలబడ్డారు. జ్ఞాపిక ఎప్పుడు చేతిలోకి వచ్చిపడిందో గడియారాలాయనకి తెలీలేదు. ఆయన జీవితంలో అన్ని చప్పట్లు ఎన్నడూ వినలేదు. అవి తనకెందుకు పడుతున్నాయో అర్థమయ్యేసరికి ఒళ్ళు చచ్చిపోయింది.

ఎవరో టైలర్ని భుజాలు పట్టుకుని ముందుకి నడిపించుకొచ్చారు. గడియారాలాయన నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టాడు. టైలరు దాన్ని చూడలేదు. బొటనవేలితో అంచంతా తడిమి గాటు దగ్గర ఆగాడు. ఫోటో కోసం డాక్టరు ఇద్దర్నీ దగ్గరికి జరుపుతున్నాడు. ఆ చప్పట్ల మధ్యే టైలరు తలెత్తి, గడియారాలాయనకి మాత్రమే వినపడేంత నెమ్మదిగా అడిగాడు.

"అయితే మిగతావి, సార్?"

ఫోటో తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. ఎప్పుడూ లేనిది కర్టెన్ అంచు చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలుపుతోంది.

"ఏవండీ, ఆయన ఏదో అడిగాడు. ఏమన్నాడు?"

చెప్పాడు. బాబిన్ల సంచీ, ముప్పై ఎనిమిది నాణేలు, కర్టెన్ల మూలల్లో బరువులు, అంతా చెప్పాడు.

"ఈ కర్టెన్లు ఎవరు కుట్టారో గుర్తుందా మీకు?" అంది.

"ఎవరు?"

"ఆయనే. మీ సంఘం పాతికేళ్ళ పండగయిన మరుసటేడు. మీరు దుకాణంలో ఉంటే నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను. ఎవరింటికని అడిగితే చెప్పాను కూడా. ఉతికేటప్పుడల్లా మూలల్లో గట్టిగా ఏదో తగుల్తుంది. ఇనుప బిళ్ళలేమో అనుకున్నాను."

గడియారాలాయన చెయ్యి చాచి మూల తడిమాడు. గుడ్డ వెలిసిపోయింది గాని కుట్టు చెక్కుచెదరలేదు. మడతలో గుండ్రటిది, పలచటిది వేలికి తగిలింది. ఇరవై నాలుగేళ్ళు ప్రతి పొద్దునా నాణేలు చూడటానికి వెలుగు కావాలని ఈ కర్టెన్ తనే పక్కకి లాగాడు. లాగినప్పుడల్లా దాని మూల గోడకి కొట్టుకుని టక్కుమనేది. ఆ చప్పుడు వినీ వినీ అలవాటైపోయింది.

ఆవిడ కత్తెర తెచ్చింది. ఆయన వద్దన్నాడు. స్టూలెక్కి రెండు కర్టెన్లూ దించి నాలుగు మడతలు పెట్టాడు.

సోమవారం పొద్దున వాటిని చంకలో పెట్టుకుని టైలరు దుకాణానికి వెళ్ళాడు. టైలరు గుడ్డ చేత్తో తాకగానే గుర్తుపట్టాడు.

"నా కుట్టే."

"మూలల్లో నాలుగున్నాయి. మీవే. మీరే విప్పండి."

"మీ ఇంటివని తెలుసు సార్," అన్నాడు టైలరు, కర్టెన్ మోకాళ్ళ మీద పరుచుకుంటూ. "అమ్మగారు చెప్పారప్పుడు. దొంగవైతేనేం, చూడ్డానికి బావున్నవి నాలుగు ఏరి వీటికి వేశాను. మీ ఇల్లు కదా."

గడియారాలాయన తల దించుకున్నాడు.

టైలరు బ్లేడు తీసుకుని మూల దగ్గర నాలుగు కుట్లు తెంపాడు. రెండు వేళ్ళతో మడతలోంచి నాణేన్ని బయటికి నెట్టాడు. నల్లగా, చిన్నగా ఉంది. గడియారాలాయన అలవాటుగా జేబులోంచి అద్దం తీశాడు. తీసి, కంటికి పెట్టుకోకుండా టైలరు ముందు పెట్టాడు.

"మీరు చూడండి."

"నాకేం తెలుస్తుంది సార్? మానేసి పాతికేళ్ళయింది."

"చూడండి."

టైలరు అద్దం ముట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని గుమ్మంలోకి వెళ్ళి, వెలుగులో నాణేన్ని అంచు పట్టుకుని తిప్పాడు. నాణెం ముఖం మీద వేలు పడకుండా పట్టుకోవడం మాత్రం ఇంకా గుర్తుంది. కోడలు కత్తెర ఆపి మావగారి వైపే చూస్తోంది. వీధిలో ఎవరో పలకరించినా ఆయన వినలేదు.

"మంచిదే సార్," అన్నాడు చివరికి. "కొన్నరోజున కూడా నాకలాగే అనిపించింది."

"అవును," అన్నాడు గడియారాలాయన. "మిగతా మూడూ తియ్యండి. ఇంటింటికీ తిరిగి మిగిలినవీ అడుగుదాం. నేనొస్తాను మీతో. సంఘంలో మీ పేరుతో ఒక ట్రే పెట్టిస్తాను."

టైలరు వచ్చి కూర్చున్నాడు. సూదికి దారం ఎక్కించాడు. నాణేన్ని మళ్ళీ మడతలోకి తోసి మూలకి జరిపి, కుట్టడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఒకటి తీస్తే కర్టెన్ వంకరగా వేలాడుతుంది సార్. ఇన్నేళ్ళు తిన్నగా ఉన్న పనిని ఇప్పుడు చెడగొట్టడం దేనికి?" కోపంగా అనలేదు. బతిమాలించుకోవాలనీ లేదు ఆ మాటలో. దారం కొరికి, కుట్టు మీద గోటితో గీసి, కర్టెన్లు మడిచి గడియారాలాయన చేతుల్లో పెట్టాడు. "ఇంకెవరిళ్ళకీ వెళ్ళొద్దు. ఇవి మీ దగ్గరే ఉంచండి."

వెనక గోడ మీద గుడ్డ సంచీలో, బాబిన్ల మధ్య ఒక జేబులో, గుర్రం నాణెం అంచు కనిపిస్తోంది. గాటు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్నాడు.

సాయంత్రానికి కర్టెన్లు మళ్ళీ కిటికీకి ఎక్కాయి. మర్నాడు పొద్దున గడియారాలాయన ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చుని వెలుగు కోసం చెయ్యి చాచి కర్టెన్ కదిపాడు. మూల గోడకి టక్కుమని తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భార్య వచ్చి చూసేసరికి ఎండ వచ్చి చాలాసేపయినా కర్టెన్ వేసే ఉంది. ఆయన బల్ల మీద దీపం వెలిగించుకుని పని చేసుకుంటున్నాడు.